కుట్టు టీచరుగారి గదులు

మొన్న పేపర్లో జిల్లా పేజీ అడుగున ఒక చిన్న ఫోటో కనిపించింది. కింద పేరు చదివి, ఎవరో అనుకుని పేజీ తిప్పేశాను. తిప్పాక ఏదో అనుమానం వచ్చి మళ్ళీ వెనక్కి వచ్చాను. ఆ మందపాటి కళ్ళజోడూ, ఎదుటివాడు అబద్ధం చెప్పబోతున్నాడని ముందే తెలిసినట్టుండే ఆ చూపూ ఆవిడవే. పోయి అప్పటికి పదకొండో రోజు.

దాదాపు మూడేళ్ళు ఆవిడతో కలిసి పనిచేశాను గానీ ఆవిడ పేరు నాకు తెలియదు. మా లాడ్జీలో ఎవరికీ తెలియదు. బాలికల హైస్కూల్లో కుట్టుపని నేర్పి రిటైరయ్యారు కనక అందరికీ కుట్టు టీచరుగారే. ఇప్పుడు పేపరువాళ్ళు చెప్పిన పేరుతో ఆవిణ్ణి తలుచుకుందామంటే నావల్ల కాలేదు. అందుకని ఇక్కడా ఆ పేరు రాయను.

ఎనభైల మధ్యలో నేను గుంటూరులో ఒక పాత లాడ్జీకి మేనేజర్ని. ఇరవై ఏడేళ్ళవాణ్ణి, బీకాం చదివినవాణ్ణి, కౌంటర్లో కూర్చుంటే ఆ కుర్చీ నాదే అనుకునేవాణ్ణి. ఇరవై రెండు గదులు. ఎత్తు కప్పులు, టేకు దూలాలు, నవారు అల్లిన టేకు మంచాలు, గదికో పడక కుర్చీ. మిర్చి సీజన్లో యార్డుకి సరుకు కొనడానికి బయటి రాష్ట్రాలవాళ్ళు వచ్చేవాళ్ళు. పత్తి రోజుల్లో బేరగాళ్ళు, మిగతా రోజుల్లో ఆసుపత్రి పనిమీద పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు.

అలాంటిది బస్టాండు దగ్గర కొత్త లాడ్జీ ఒకటి లేచింది. ఫోము పరుపులు, సన్‌మైకా మంచాలు, గది నిండా కార్పెట్టు. మా పాత వ్యాపారులు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. మా ఓనరుగారికి అసలు వ్యాపారం పత్తి. లాడ్జీ ఆయనకి తండ్రి అప్పజెప్పిన బాధ్యత. "వచ్చే సీజనుకి గదులు నిండకపోతే గోడలు కొట్టించి పత్తి గోడౌను చేసేస్తానోయ్" అన్నాడు నాతో. టేకు మంచాలు అమ్మేసి సన్‌మైకావి వేయిద్దామనీ, కొత్త కర్టెన్లు కట్టిద్దామనీ ఇంకో ఆలోచన. ఆయన భార్య చిన్నప్పుడు ఈ టీచరుగారి దగ్గరే కుట్టు నేర్చుకుందట. కర్టెన్లు ఆవిడ చేతే కుట్టించమంది. ఆ కర్టెన్ల కొలతల కోసం వచ్చారు ఆవిడ, చేతిలో గొడుగూ, మెడలో టేపూ వేసుకుని.

"కొలతలు తీసుకుంటారా టీచరుగారూ?" అన్నాను తాళం తీస్తూ.

"ముందు గదిని చూడనీ" అని ఆరో నంబరు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

పావుగంటయింది, అరగంటయింది. లోపల చప్పుడు లేదు. నాకు భయమేసి తలుపు తట్టాను.

"ఉండు బాబూ, కూర్చున్నాను" అని లోపల్నించి సమాధానం.

గంట తర్వాత బయటికొచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నారు. ఏదో కష్టం గుర్తొచ్చి ఏడ్చారేమో అనుకున్నాను.

"ఏమైందండీ?"

"ఈ కర్టెన్లు ఎప్పుడు ఉతికించావు?"

"అప్పుడప్పుడూ ఉతికిస్తుంటామండీ."

ఆవిడ నావైపు ఒకసారి చూసి, నన్ను లోపలికి రమ్మని, గొడుగుతో ఆ మెరూన్ వెల్వెట్ కర్టెను మీద ఒక్క దెబ్బ వేశారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఎర్రటి పొడి లేచింది. ముందు నేనే తుమ్మాను. ఆగకుండా ఏడో ఎనిమిదో తుమ్ములు. ఆవిడ నవ్వలేదు. తుమ్ములన్నీ అయ్యేదాకా ఆగి, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పారు.

"ఇది మిరప పొడి. యార్డు నుంచి మనుషుల బట్టల మీద, మూటల మీద వచ్చి దీంట్లో చేరింది. ఎన్నేళ్ళ నుంచో! పడుకున్నవాడికి ముక్కు మండుతుంది, ఎందుకో తెలియదు. మీవాళ్ళు కార్పెట్టు చూసి వెళ్ళిపోతున్నారని అనుకుంటున్నారు మీరు. ఇక్కడ నిద్ర పట్టక వెళ్ళిపోతున్నారు."

సాయంత్రం ఓనరుగారు వచ్చారు. తన శిష్యురాలి మొగుడు కాబట్టి ఆయన్ని ఆవిడ అల్లుడుగారూ అని పిలిచేవారు. ఆ పిలుపుతో ఆయన సగం కోపం లోపలే ఆగిపోయేది.

"మెరూన్ రంగైతే మాపు కనిపించదని వేయించానండీ" అన్నాడాయన.

"మాపు కనిపించాలి అల్లుడుగారూ. కనిపిస్తేనే కదా ఉతుకుతాం?"

"అయితే తెలుపు వేస్తారా ఏమిటి? వారానికో చాకిరీ!"

"వారానికోసారే. గదికి రెండు జతలు చేస్తాను. ఒకటి కట్టి ఉంటుంది, ఒకటి ఆరుతూ ఉంటుంది. మంచాలు మాత్రం అమ్మకండి. వాటికేమీ రోగం లేదు."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, ఆరో నంబరు గది ఒక్కటీ ఆవిడ ఇష్టప్రకారం చేయమన్నాడు. సీజను మొదట్లో ముగ్గురు పాత వ్యాపారుల్ని తీసుకొచ్చి చూపిస్తానన్నాడు. వాళ్ళకి నచ్చితే మిగతా గదులు. నచ్చకపోతే మంచాలు బేరానికి, లాడ్జీ గోడౌనుకి. ముందు హాల్లో మాత్రం తనకు నచ్చిన ఎర్ర కార్పెట్టు ఆ వారమే పరిపించేశాడు. ఆ మూడేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా దాని మీద కాలు పెట్టలేదు. గోడవారగా చుట్టూ నడిచి మెట్లెక్కేవారు. ఓనరు ఎదురుగా ఉన్నా సరే.

గుడ్డ కోసం నన్ను వెంటబెట్టుకుని చీరాల వెళ్ళారు. మగ్గాల ఇళ్ళల్లో గుడ్డ తాను విప్పించి, చెయ్యి వేసి చూసేవారు కాదు. మోచేతి మడతలో ఆ గుడ్డ పెట్టుకుని, చెయ్యి ముడిచి, కళ్ళు మూసుకునేవారు. నేతాయన ఈవిడకేమైందన్నట్టు నావైపు చూశాడు.

"వేళ్ళకి అన్నీ అలవాటేనయ్యా. మొరటుదేదో తెలియదు. ఇక్కడి చర్మం పసిపిల్లది" అన్నారాయనతో. ఆ పెద్దమనిషి తన మోచేతిలో కూడా పెట్టుకుని చూసుకుని, లోపలికి వెళ్ళి ఇంకో తాను తెచ్చాడు. మీగడ రంగు, అంచున సన్నటి ఆకుపచ్చ గీత. దాన్నే తీసుకున్నారు. రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆ మూట ఒళ్ళో పెట్టుకునే ఉన్నారు. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఆవిడకి కోపం ఎక్కువ. అది కూడా చెప్పాలి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని తిట్టగల మనిషిని ఆవిణ్ణొక్కరినే చూశాను. ఆ కోపంలో ఒకసారి పెద్ద పొరపాటే చేశారు.

పరుపుల పనికి మస్తాన్‌ని పిలిపించాం. దూదేకుల మస్తాన్, యాభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. మా లాడ్జీ పరుపులన్నీ అతని తండ్రి కుట్టినవే. ఆరో నంబరు పరుపు పెరట్లో పరిచి టీచరుగారు చేత్తో నొక్కి చూశారు. ఎక్కడికక్కడ ఉండలు.

"ఇందులో దూదేముంది? మిల్లులో ఊడ్చిన చెత్త కూరి కుట్టారు. అడిగేవాడు లేడని!" అన్నారు గట్టిగా. పనివాళ్ళంతా అక్కడే ఉన్నారు. నేనూ ఉన్నాను.

మస్తాన్ ముఖం నల్లబడింది. కత్తెర తీసి పరుపు అంచు విప్పాడు. లోపల్నించి గుప్పెడు దూది తీసి, ఉండని మెల్లగా విడదీసి, ఒక్క పోగు రెండు చేతుల వేళ్ళ మధ్య లాగి ఆవిడ ముందు పట్టుకున్నాడు. పొడుగ్గా, తెల్లగా ఉంది.

"మా నాయన నింపింది టీచరమ్మా. మంచి పత్తి. ఇరవై ఏళ్ళ నుంచి ఎవరూ ఎండలో వెయ్యలేదు, ఏకించలేదు. ఏ దూదైనా ఉండకడుతుంది."

ఆవిడ ఆ పోగు తీసుకుని చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

పరుపులు ఎండలో వేయించాల్సింది ఎవరనుకున్నారు? మేనేజరు. నాలుగేళ్ళలో ఒక్కసారీ వేయించలేదు. ఆ మాట అక్కడ నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మర్నాడు పొద్దున పనివాళ్ళంతా వచ్చే వేళకి టీచరుగారు పెరట్లో నిలబడి ఉన్నారు. అందర్నీ పిలిచారు. మస్తాన్ వచ్చేదాకా ఆగారు.

"నిన్న మీ అందరి ముందూ మస్తాన్‌గారి తండ్రిని దొంగ అన్నాను. ఆయన పనిమంతుడు. తప్పు నాది. మస్తాన్‌గారూ, నన్ను క్షమించండి" అని చేతులు జోడించారు.

నిన్నటిదాకా ఒరేయ్ మస్తానూ అని పిలిచిన మనిషి. మస్తాన్ కంగారుపడిపోయాడు. "అయ్యో, అంత మాట ఎందుకమ్మా" అంటూ వెనక్కి జరిగాడు. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ గారు వదలలేదు. నన్ను మాత్రం పక్కకి పిలిచి, "నీకు తెలుసు కదా బాబూ, నిన్ననే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. నేల చూశాను. ఇంకేం అనలేదు. అంటే బాగుండుననిపించింది.

నెలరోజుల్లో ఆరో నంబరు గది తయారైంది. మంచాలకి గరుకు కాగితం పట్టించి నూనె రాయించారు. కొత్త నవారు బిగించారు. మస్తాన్ దూది మళ్ళీ ఏకి పరుపు కుట్టాడు. పరుపు మీద విప్పి ఉతుక్కునేలా నాడాలు కట్టిన గలేబు. కిటికీకి నాడాలతోనే కట్టే మీగడ రంగు కర్టెన్లు, రెండు నిమిషాల్లో ఊడదీయొచ్చు. పడక కుర్చీకి చీలిన కాన్వాసు తీసేసి నీలం చారల జంపఖానా గుడ్డ వేశారు. గది బయట ఒక బల్ల, నీళ్ళ బిందె, చెంబు, తువ్వాలు. యార్డు నుంచి వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టకముందే కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కోవాలి. గదిలోకి వెళితే అదే పాత గది. కానీ ఎవరో ఒక తలుపు తెరిచినట్టు గాలి వచ్చేది.

వ్యాపారులు రావడానికి ఒకరోజు ముందు, పదకొండు గంటల వేళ, పల్నాడు వైపు నుంచి ఒక ముసలి రైతూ, ఆయన భార్యా వచ్చారు. ఆవిడకి ఉబ్బసం. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని పంపించేశారట. పదిరోజులు రోజూ వచ్చి చూపించుకోమన్నారట. మెట్లెక్కి కౌంటరు దాకా రావడానికే ఆవిడకి ఊపిరి అందడం లేదు. దగ్గు. హాల్లో కూర్చున్న ఇద్దరు గెస్టులు లేచి దూరం జరిగారు.

"గదులు ఖాళీ లేవండీ" అన్నాను.

"రెండు లాడ్జీల్లో అదే మాట అన్నారయ్యా" అన్నాడు రైతు. తగవు పెట్టుకోలేదు. భార్య భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు.

"బాబూ, నీ వెనక వేలాడుతున్న ఆ తాళాలేమిటి?"

మెట్ల మీద టీచరుగారు. నా వెనక పలక మీద పదమూడు తాళాలు వేలాడుతున్నాయి. రైతుకీ కనిపిస్తూనే ఉన్నాయి.

"దగ్గుతోందండీ. మిగతా గెస్టులు ఊరుకోరు" అన్నాను గొంతు తగ్గించి.

"మరి ఆవిడ ఎక్కడికెళుతుంది?"

టీచరుగారు నాతో వాదించలేదు. నేరుగా ఆ ముసలమ్మ దగ్గరికి వెళ్ళి, "నడవగలవా అమ్మా? ఆ గది దాకానే" అని చెయ్యి పట్టుకున్నారు. తిన్నగా ఆరో నంబరుకి తీసుకెళ్ళారు. రేపు వ్యాపారులకి చూపించాల్సిన గది. మిగతా గదులన్నిటిలో మిరప పొడి ఉందని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. తాళం నేనే తీశాను.

మర్నాడు ఓనరుగారు ముగ్గురు వ్యాపారుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను ఎదురెళ్ళి చెప్పేలోపే ఆరో నంబరు తలుపు తోసేశారు. మంచం మీద ముసలమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. రైతు పడక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పెదాల మీద వేలు పెట్టుకుని, "నిద్రపట్టిందయ్యా. నెల నుంచి కూర్చునే ఉంది, వెన్ను వాల్చలేదు. ఇయ్యాల పడుకుంది" అన్నాడు మెల్లగా.

వ్యాపారులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని దిగి వెళ్ళిపోయారు. కొత్త లాడ్జీకే వెళ్ళారని తర్వాత తెలిసింది.

ఓనరుగారు హాల్లో నిలబడి అరిచారు. "ఎవరిచ్చారు ఆ గది? ఎవరిని అడిగి ఇచ్చారు?"

టీచరుగారు నోట్లోంచి గుండుసూదులు తీస్తున్నారు, చెప్పడానికే. ఆవిణ్ణి ఆయన ఏమీ అనలేడు. అల్లుడుగారూ అనగానే చల్లబడతాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ఎందుకో ఆగలేకపోయాను.

"నేనే ఇచ్చానండీ. ఖాళీగా ఉంది, ఇచ్చాను."

"అయితే నువ్వూ వాళ్ళతోపాటే ఖాళీ చెయ్యి" అన్నారు ఆయన. పని ఆపేయమన్నారు. కారెక్కి వెళ్ళిపోయారు.

ఇంట్లో అమ్మ ఉంది, చెల్లెలి చదువుంది. టీచరుగారు నావైపు చూసి తల ఊపారు, అంతే. మెచ్చుకోలు మాట ఒక్కటీ అనలేదు. సగం కుట్టిన రెండో జత కర్టెన్లు మూటకట్టుకుని, "ఇంట్లో కుడతాలే. పని ఆపమన్నది ఇక్కడేగా" అంటూ కార్పెట్టు చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు.

వెళ్ళమన్న ఓనరుగారు నా స్థానంలో ఎవరినీ పంపలేదు. ఉండమని కూడా అనలేదు. ఉద్యోగం ఉందో లేదో తెలియకుండానే కౌంటర్లో కూర్చున్నాను. ముసలమ్మ పదిరోజులూ ఉంది. ఆఖర్రోజున తనే మెట్లు దిగింది, మధ్యలో ఒక్కసారే ఆగి. రైతు ఊరికి పోయి తమ చేలో తీసిన పత్తి ఒక మూట తెచ్చి టీచరుగారి చేతిలో పెట్టాడు. "తలగడకి పనికొస్తుందమ్మా." ఆవిడ దాన్ని మస్తాన్‌గారికిచ్చి రెండు తలగడలు చేయించి ఆ గదిలోనే వేయించారు.

ఆసుపత్రిలో ఆ ముసలమ్మ ఎవరికేం చెప్పిందో, డాక్టరు ఏమడిగాడో నాకు తెలియదు. వారం తిరక్కుండా ఆరో నంబరు గది కావాలంటూ జనం రావడం మొదలైంది. ఆపరేషనైన తండ్రిని పడుకోబెట్టుకోవాలని ఒకాయన, బాలింతని తీసుకుని ఇంకొకరు. ఆరో నంబరు ఒక్కటే కదా. మిగతావాళ్ళకి పక్క గదుల్లో మెరూన్ కర్టెన్లు నేనే ఊడబీకి, పరుపులు ఎండలో వేయించి ఇచ్చాను. ఎవరూ చెప్పలేదు. చేయి ఊరుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఓనరుగారు ఒక్కరే వచ్చారు. ఆరో నంబరు అప్పుడే ఖాళీ అయింది. నన్ను తాళం అడిగి తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. అరగంట దాటింది. నేను బయటే నిలబడ్డాను. చివరికి తలుపు తీసి, చెదిరిన జుట్టు సర్దుకుంటూ, "మిగతావి ఎప్పటికవుతాయంటుంది మీ టీచరు?" అన్నారు.

ఇరవై రెండు గదులూ పూర్తవడానికి రెండేళ్ళ పైనే పట్టింది. ఆ వ్యాపారుల్లో ఇద్దరు తిరిగొచ్చారు, ఒకాయన రాలేదు. లాడ్జీ గోడౌను కాలేదు. మస్తాన్‌గారి అమ్మాయికి టీచరుగారే మిషను నేర్పారు. ఆఖరి నాలుగు గదుల కర్టెన్లు ఆ అమ్మాయి కుట్టినవే. వంకర కుట్టు పడితే మొత్తం విప్పించేవారు. ఆ పిల్ల ఏడ్చినా విప్పించేవారు. తర్వాత తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టి పంపేవారు.

పని పూర్తయిన కొన్ని నెలలకి ఆవిడ ఊరు మారారు. తమ్ముడు దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీలో చేస్తుండేవాడు. ఒంటరిగా ఎందుకు, వచ్చేయమన్నాడట. పొద్దున్నే సామాను లారీలో వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక సంచీతో, గొడుగుతో కౌంటరు ముందు నిలబడ్డారు.

"ఇంట్లో చాప కూడా లేదు బాబూ. అయిదింటిదాకా ఒక గది ఇస్తావా?"

"ఏ గది కావాలో చెప్పండి టీచరుగారూ" అంటూ తాళాల పలక వైపు తిరిగాను. ఆవిడ వినిపించుకోకుండా రిజిస్టరు తమవైపు తిప్పుకున్నారు. "అందరిలాగే రాసిస్తాను" అని కలం తీసుకుని గబగబా రాసి, నా వైపు చూడకుండా పుస్తకం మూసేశారు. పదకొండో నంబరు ఇచ్చాను. అది పెరటివైపు గది, చప్పుడుండదు. మూడేళ్ళు ఆ గదులన్నిటిలో తలుపేసుకుని గంటలు గంటలు కూర్చున్న మనిషి, ఏ ఒక్క గదిలోనూ నడుం వాల్చగా నేను చూడలేదు.

ఆవిడ మెట్లెక్కాక రిజిస్టరు తెరిచాను. పేరు చోట తమ పొట్టి సంతకం, చదవడానికి వీల్లేకుండా ఉంది. వచ్చిన పని అన్న గడిలో పైవాళ్ళంతా వ్యాపారం, ఆసుపత్రి, కోర్టు అని రాశారు. ఆవిడ గుండ్రటి అక్షరాలతో 'నిద్ర' అని రాశారు.

వెళ్ళి వరండా చివర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అయిదయ్యేదాకా ఆ వైపు ఒక్క బకెట్టు కూడా ఈడ్వనివ్వలేదు.